మార్సెలో క్రివెల్లా

మార్సెలో బెజెర్రా క్రివెల్లా (జననం: 1957 అక్టోబరు 9) బ్రెజిల్ దేశానికి చెందిన రాజకీయ నాయకుడు, క్రైస్తవ మతప్రచారకుడు, భక్తిగీతాల గాయకుడు. ఈయన యూనివర్సల్ చర్చి అనే పెంతెకొస్తు సంఘంలో బిషప్పు. ఆ సంఘం పూర్తి పేరుకు "దేవుని రాజ్యపు సార్వత్రిక సంఘం" అని అర్థం. రియో డి జనీరో రాష్ట్రం నుండి 2002 లోను, 2010 లోను సెనేటుకు ఎన్నికయ్యాడు. 2012 నుండి 2014 వరకు దిల్మా రూసెఫ్ ప్రభుత్వంలో మత్స్యశాఖ మంత్రిగా, 2017 నుండి 2020 వరకు రియో డి జనీరో నగర మేయరుగా పనిచేశాడు. మేయరు పదవీకాలం ముగియడానికి తొమ్మిది రోజుల ముందు అవినీతి ఆరోపణలపై అరెస్టయ్యాడు. 2022 లో బ్రెజిల్ దిగువ సభకు ఎన్నికయ్యాడు.

ఒక మత సంఘం బలంతో రాజకీయాలలోకి వచ్చిన వ్యక్తి, అన్ని మతాల వారు, ఏ మతమూ లేనివారు కూడా నివసించే మహానగరాన్ని ఎలా పాలించాడన్న ప్రశ్న క్రివెల్లా జీవితంలో మొదటి నుండి చివరి వరకు కనిపిస్తుంది. అందుచేతనే బ్రెజిల్ రాజకీయాలను అధ్యయనం చేసేవారు ఈయనను తరచు ఉదాహరణగా తీసుకుంటారు.

నేపథ్యం

బ్రెజిల్ చాలాకాలం పాటు రోమన్ కాథలిక్కు దేశంగా ఉండినది. 1889 లో రాచరికం ముగిసిన తరువాత వచ్చిన 1891 రాజ్యాంగం మతాన్ని, ప్రభుత్వాన్ని వేరు చేసింది. ఇరవయ్యవ శతాబ్దపు చివరి దశకాలలో ప్రొటెస్టెంటు సంఘాలు, ముఖ్యంగా పెంతెకొస్తు సంఘాలు, నగర శివార్లలోని పేదల మధ్య వేగంగా విస్తరించాయి. వీరందరినీ కలిపి బ్రెజిల్‌లో ఇవాంజెలికల్సు అంటారు. జనాభా లెక్కల ప్రకారం 1980 లో వీరు 6.6 శాతం మాత్రమే. ఈ సంఖ్య 2000 నాటికి 15.4 శాతానికి, 2010 నాటికి 22.2 శాతానికి, 2022 నాటికి 26.9 శాతానికి పెరిగింది. అదే 2022 లెక్కలలో కాథలిక్కులు 56.7 శాతం.

ఈ సంఘాలలో ప్రముఖమైన యూనివర్సల్ చర్చి 1977 లో రియో నగరంలో ఆరంభమైంది. దీని స్థాపకుడు ఎదిర్ మాసెడో క్రివెల్లాకు మేనమామ. అబొలిసావ్ అనే పేటలో, అంతకు ముందు అంత్యక్రియల సామగ్రి అమ్మిన దుకాణంలో వీరి తొలి మందిరం వెలసింది. స్వస్థత ప్రార్థనలు, దయ్యాలను వెళ్ళగొట్టే ఆరాధనలు, దశమ భాగాల చెల్లింపుపై పట్టుదల ఈ సంఘపు ముఖ్య లక్షణాలు. 1989 లో మాసెడో రెకార్డ్ టెలివిజన్ సంస్థను కొనుగోలు చేయడంతో సంఘానికి దేశవ్యాప్త ప్రచార సాధనం లభించింది.

సంఘం పెరిగిన కొలదీ వివాదాలూ పెరిగాయి. 1995 అక్టోబరు 12 న, కాథలిక్కులు బ్రెజిల్ పాలక మాతగా కొలిచే అపరేసిదా మాత పండుగ రోజున, ఈ సంఘానికి చెందిన ఒక బిషప్పు టెలివిజన్ కార్యక్రమంలో ఆ మాత ప్రతిమను కాలితో తన్నాడు. దీనిపై దేశమంతటా తీవ్ర నిరసన వ్యక్తమైంది. ఆ సంఘం నుండి వచ్చే అభ్యర్థుల పట్ల ఇతర మతస్థులలో కలిగిన అనుమానానికి ఇటువంటి సంఘటనలు ఒక కారణం.

తొలి జీవితం, మతసేవ

క్రివెల్లా రియో డి జనీరో నగరంలో జన్మించాడు. సివిల్ ఇంజనీరింగు చదివాడు. యౌవనంలో కొంతకాలం టాక్సీ నడిపాడు. యూనివర్సల్ చర్చిలో పాస్టరుగా చేరి, క్రమంగా బిషప్పు స్థాయికి ఎదిగాడు. 1990 దశకంలో చాలా భాగం దక్షిణాఫ్రికా మొదలైన ఆఫ్రికా దేశాలలో కుటుంబంతో సహా నివసించి మతప్రచారం చేశాడు.

ఆ కాలపు అనుభవాల ఆధారంగా ఆయన ఒక పుస్తకం రాశాడు. దీని పోర్చుగీసు ప్రతి 2002 లో వెలువడింది. అందులో ఆఫ్రికా సంప్రదాయ మతాలను, కాథలిక్కు మతాన్ని దయ్యపు బోధలతో ముడిపెట్టాడు. స్వలింగ సంపర్కాన్ని ఘోరమైన చెడుగా వర్ణించాడు. పద్నాలుగు సంవత్సరాల తరువాత, 2016 మేయరు ఎన్నికల సమయంలో ఈ రాతలను పత్రికలు వెలికితీశాయి. అప్పుడు క్రివెల్లా క్షమాపణ చెప్పి, అవి అనుభవం లేని యువ ప్రచారకుని రాతలని వివరణ ఇచ్చాడు.

బ్రెజిల్‌లో ఈయనకు సామాన్య ప్రజలలో పేరు తెచ్చినవి పాటలే. ఈయన భక్తిగీతాల ఆల్బములు లక్షల సంఖ్యలో అమ్ముడుపోయాయి. ఆ ఆదాయంతో బహియా రాష్ట్రంలోని ఇరెసె ప్రాంతంలో "న్యూ కనాన్" అనే వ్యవసాయ క్షేత్రం ఏర్పడింది. వర్షాభావంతో నిత్యం కరువుకు గురయ్యే ఈ మెట్ట ప్రాంతంలో, ఇజ్రాయెల్ సామూహిక క్షేత్రాలలో చూసిన నీటిపారుదల పద్ధతులను ప్రవేశపెట్టారు. క్షేత్రంలోనే పిల్లలకు పాఠశాల, భోజన వసతి కల్పించారు. తొలి ఎన్నికలలో క్రివెల్లా తనను ప్రజలకు పరిచయం చేసుకోవడానికి ఈ సేవాకార్యం ఎంతగానో ఉపకరించింది.

సెనేటరుగా

2002 లో లిబరల్ పార్టీ అభ్యర్థిగా పోటీచేసి క్రివెల్లా సెనేటుకు ఎన్నికయ్యాడు. ఇదే ఆయన మొదటి ఎన్నిక. సుమారు 32 లక్షల ఓట్లతో రెండవ స్థానంలో నిలిచాడు. ఆ ఎన్నికలో ఓడిపోయిన వారిలో రియో రాష్ట్రానికి రెండుసార్లు గవర్నరుగా పనిచేసిన లియోనెల్ బ్రిజోలా ఒకడు. సెనేటులో ప్రవేశించిన తరువాత క్రివెల్లా చర్చి బాధ్యతల నుండి సెలవు తీసుకున్నాడు. ఆ తరువాత తనను "సెలవులో ఉన్న బిషప్పు"గా చెప్పుకునేవాడు.

2005 లో పార్లమెంటు సభ్యులకు నెలవారీ లంచాల కుంభకోణం బయటపడి లిబరల్ పార్టీ ప్రతిష్ఠ దెబ్బతినగా, క్రివెల్లా ఆ పార్టీని విడిచి కొత్త పార్టీ స్థాపనలో పాలుపంచుకున్నాడు. అప్పటి ఉపాధ్యక్షుడు జోసె అలెంకార్ కూడా ఇందులో చేరాడు. బ్రెజిలియన్ రిపబ్లికన్ పార్టీగా పేరుపొందిన ఈ పక్షం 2019 నుండి "రిపబ్లికానోస్" అనే పేరుతో వ్యవహరిస్తున్నది. పార్టీలో ఇతర మతాల వారు కూడా ఉన్నప్పటికీ, యూనివర్సల్ చర్చితో దీనికి గల సంబంధం అందరికీ తెలిసినదే.

2010 లో క్రివెల్లా తిరిగి సెనేటుకు ఎన్నికయ్యాడు. అద్దె భవనాలలో నడిచే ప్రార్థనా మందిరాలకు కూడా నగర ఆస్తిపన్ను మినహాయింపు వర్తింపజేయాలని ఆయన 2015 లో రాజ్యాంగ సవరణను ప్రతిపాదించాడు. సొంత భవనాలకు ఈ మినహాయింపు అప్పటికే ఉన్నది. ఈ ప్రతిపాదన 2022 ఫిబ్రవరిలో 116 వ రాజ్యాంగ సవరణగా అమలులోకి వచ్చింది. చిన్న అద్దె గదులలో ఆరాధనలు జరుపుకునే వేలాది సంఘాలకు దీనివలన ప్రయోజనం కలిగింది.

ఎన్నికల పద్ధతి - సంఘం ఓట్లు

క్రివెల్లా గెలుపోటములను అర్థం చేసుకోవడానికి బ్రెజిల్ ఎన్నికల పద్ధతిని తెలుసుకోవలసి ఉన్నది. సెనేటు సభ్యుల పదవీకాలం ఎనిమిది సంవత్సరాలు. ప్రతి రాష్ట్రానికి ముగ్గురు సభ్యులు. ఒక ఎన్నికలో ఒక స్థానానికి, తరువాతి ఎన్నికలో రెండు స్థానాలకు పోటీ జరుగుతుంది. రెండు స్థానాలున్న సంవత్సరంలో ప్రతి ఓటరుకు రెండు ఓట్లు ఉంటాయి. రెండవ విడత పోలింగు ఉండదు. 2002, 2010 రెండూ ఇటువంటి సంవత్సరాలే. ఆ రెండుసార్లూ క్రివెల్లా రెండవ స్థానంలో నిలిచి గెలిచాడు.

గవర్నరు ఎన్నికలోను, రెండు లక్షలకు మించి ఓటర్లున్న నగరాల మేయరు ఎన్నికలోను పద్ధతి వేరు. ఎవరికీ సగానికి మించి ఓట్లు రాకపోతే మొదటి ఇద్దరి మధ్య రెండవ విడత పోలింగు జరుగుతుంది. సంఘ సభ్యుల ఓట్లు ఒక అభ్యర్థిని ముందు వరుసలో నిలబెట్టగలవు. సగం ఓట్లు దాటాలంటే సంఘం వెలుపలి వారి నమ్మకం కూడా అవసరం. 2004 మేయరు ఎన్నికలో క్రివెల్లా రెండవ స్థానంలోను, 2006 గవర్నరు ఎన్నికలో మూడవ స్థానంలోను, 2008 మేయరు ఎన్నికలో మరల మూడవ స్థానంలోను నిలిచాడు. 2014 లో గవర్నరు పదవికి పోటీచేసి రెండవ విడతకు చేరుకున్నా, 44.22 శాతం ఓట్లతో లూయిస్ ఫెర్నాండో పెజావ్ చేతిలో ఓడిపోయాడు.

ప్రొవిడెన్సియా కొండ సంఘటన

2008 లో రియో నగర మధ్యభాగంలోని ప్రొవిడెన్సియా కొండపై గల మురికివాడలో ఇళ్ళ మరమ్మతు పథకం ఒకటి నడిచింది. క్రివెల్లా చొరవతో కేంద్ర ప్రభుత్వ నిధులు మంజూరయిన ఈ పథకానికి "సామాజిక సిమెంటు" అని పేరు. పనులకు సైన్యం కాపలా కాసింది. ఆ సంవత్సరం జూన్‌లో కొందరు సైనికులు ఆ వాడకు చెందిన ముగ్గురు యువకులను పట్టుకొని, వేరొక కొండపై ఉండే ప్రత్యర్థి మాదకద్రవ్యాల ముఠాకు అప్పగించారు. ముఠా వారు ఆ ముగ్గురినీ చంపివేశారు.

ఈ దారుణం తరువాత సైన్యం అక్కడ ఎందుకున్నదన్న ప్రశ్న తలెత్తింది. మేయరు ఎన్నికలు సమీపిస్తున్నందున ఈ పథకం ఒక అభ్యర్థికి ప్రచారంగా ఉపయోగపడుతున్నదని భావించి ఎన్నికల న్యాయస్థానం పనులను నిలిపివేసింది. హత్యలతో క్రివెల్లాకు సంబంధం లేకపోయినా, ఆ ఎన్నికలో ఆయనకు ఇది పెద్ద దెబ్బ అయినది. పేదల కొరకు తలపెట్టిన పని సగంలో ఆగిపోగా, దాని భారం ఆ వాడవాసులపైనే పడింది.

మంత్రిగా

2012 మార్చిలో అధ్యక్షురాలు దిల్మా రూసెఫ్ క్రివెల్లాను మత్స్యశాఖ మంత్రిగా నియమించింది. గాలానికి ఎరను గుచ్చడం కూడా తనకు తెలియదని ఆయన స్వయంగా హాస్యమాడడంతో, ఈ నియామకం వెనుక గల రాజకీయ కారణాలపై చర్చ జరిగింది. వామపక్ష ప్రభుత్వానికి ఇవాంజెలికల్ వర్గంతో సయోధ్య కుదర్చడమే దీని ఉద్దేశమని విశ్లేషకులు భావించారు. 2014 మార్చి వరకు ఆయన ఈ పదవిలో కొనసాగాడు. 2016 మార్చిలో, అధ్యక్షురాలిపై అభిశంసన ప్రక్రియ నడుస్తుండగా, క్రివెల్లా పార్టీ ప్రభుత్వానికి మద్దతు ఉపసంహరించుకున్నది.

2016 మేయరు ఎన్నిక

2016 నాటికి రియో రాష్ట్రం ఆర్థికంగా చితికిపోయింది. ఒలింపిక్ క్రీడలు ముగిసిన వెంటనే జరిగిన ఈ ఎన్నికలో అధికార పక్షం అభ్యర్థి మొదటి విడతలోనే ఓడిపోయాడు. క్రివెల్లాకు 27.78 శాతం, వామపక్ష అభ్యర్థి మార్సెలో ఫ్రేషోకు 18.26 శాతం ఓట్లు వచ్చాయి.

"మనుషుల బాగోగులు చూసుకుందాం" అన్న భావంతో ప్రచారం సాగించిన క్రివెల్లా, చర్చి ప్రయోజనాలను నగర పాలనతో కలపబోనని పదే పదే హామీ ఇచ్చాడు. అక్టోబరు 30 న జరిగిన రెండవ విడతలో 59.36 శాతం ఓట్లతో గెలిచాడు. ఆయనకు వచ్చిన ఓట్లు 17 లక్షలు. పోలింగుకు రానివారు, చెల్లని ఓట్లు వేసినవారు, ఖాళీ ఓటు వేసినవారు కలిసి 20 లక్షలకు మించారు. బ్రెజిల్‌లో 18 నుండి 70 సంవత్సరాల లోపు వయసున్న అక్షరాస్యులకు ఓటు వేయడం తప్పనిసరి అన్న సంగతిని ఇక్కడ గుర్తుంచుకోవాలి.

మేయరుగా

2017 జనవరి 1 న పదవి స్వీకరించిన క్రివెల్లా, మొదటి రోజు రక్తదానం చేశాడు. మరుసటి నెలలోనే తన కుమారుని నగర ప్రభుత్వ ముఖ్య కార్యదర్శిగా నియమించాడు. బంధుప్రీతి నిషేధానికి ఇది విరుద్ధమని సుప్రీం కోర్టు న్యాయమూర్తి మార్కో ఆరేలియో మెల్లో ఆ నియామకాన్ని నిలిపివేశాడు.

కార్నివాల్: రియో నగరానికి కార్నివాల్ ఉత్సవం పండుగ మాత్రమే కాదు, పెద్ద ఆదాయ వనరు కూడా. ఉత్సవాల ఆరంభంలో మేయరు నగరపు తాళంచెవిని "మోమో రాజు" వేషధారికి అందజేయడం ఆచారం. 2017 లో క్రివెల్లా ఈ కార్యక్రమానికి రాలేదు. సాంబా ఊరేగింపులకు కూడా హాజరు కాలేదు. అదే సంవత్సరం జూన్‌లో, మొదటి శ్రేణి సాంబా పాఠశాలలకు ఒక్కొక్కదానికి ఇచ్చే 20 లక్షల రియాలుల సహాయాన్ని సగానికి తగ్గించాడు. ఆ సొమ్మును శిశు సంరక్షణ కేంద్రాలకు వెచ్చిస్తామన్నాడు. చంటిబిడ్డల పాలకు, వేడుకకు మధ్య ఏది ముఖ్యమన్నది ఆయన సమర్థకుల వాదన. ఆఫ్రికా మూలాలున్న సాంబా పట్ల మతపరమైన వ్యతిరేకతే అసలు కారణమన్నది విమర్శకుల వాదన. 2018 ఊరేగింపులో మంగేరా అనే ప్రసిద్ధ సాంబా పాఠశాల క్రివెల్లా బొమ్మను యూదా ఇస్కరియోతు రూపంలో ప్రదర్శించింది. ఆ కార్నివాల్ రోజులలో ఆయన ఐరోపా పర్యటనలో ఉండగా, రియోలో తుఫాను వచ్చి ప్రాణనష్టం జరగడం మరిన్ని విమర్శలకు దారితీసింది.

పాస్టర్ల సమావేశం: 2018 జూలైలో మేయరు అధికార భవనంలో ఇవాంజెలికల్ పాస్టర్లతో ఒక సమావేశం జరిగింది. అందులో, సంఘ సభ్యులకు కంటి శుక్లాల శస్త్రచికిత్స అవసరమైతే ఫలానా ఉద్యోగినితో మాట్లాడమని, మందిరాల ఆస్తిపన్ను చిక్కులను కూడా పరిష్కరిస్తామని క్రివెల్లా చెప్పినట్లు ఒక దినపత్రిక ధ్వనిముద్రణతో సహా బయటపెట్టింది. ప్రభుత్వ ఆసుపత్రులలో శస్త్రచికిత్స కొరకు నెలల తరబడి వేచియున్న రోగులకు ఇది ఆగ్రహం తెప్పించింది. ఏ సంఘంలోనూ సభ్యత్వం లేని రోగికి ఆ ఉద్యోగిని పేరు తెలిసే అవకాశమే లేదు. అందుబాటులో ఉన్న సేవలను తెలియజేశానే తప్ప ఎవరికీ ప్రత్యేక సదుపాయం కల్పించలేదని క్రివెల్లా సమాధానం. నగర సభలో అభిశంసన ప్రతిపాదన వీగిపోయినా, నగర యంత్రాంగాన్ని ఏ మత వర్గానికీ అనుకూలంగా వాడరాదని న్యాయస్థానం ఆదేశించింది. 2019 లో, వీధులలోని ప్రకటన ఫలకాల ఒప్పందాల పొడిగింపుపై మరొక అభిశంసన ప్రక్రియ నడిచింది. అది కూడా వీగిపోయింది.

కళలు, పుస్తకాలు: 2017 లో లైంగిక వైవిధ్యం అనే అంశంపై ఏర్పాటైన ఒక కళా ప్రదర్శనను నగర మ్యూజియంలోకి అనుమతించబోనని క్రివెల్లా ప్రకటించాడు. ఆ మ్యూజియం పేరుకు క్లుప్త రూపమైన "మార్" అన్న మాటకు పోర్చుగీసులో సముద్రమని అర్థం. కాబట్టి ప్రదర్శన జరిగితే సముద్రం అడుగునే జరగాలని చమత్కరించాడు. మరుసటి సంవత్సరం ప్రజల విరాళాలతో అది రియోలోనే వేరొక చోట జరిగింది.

2019 సెప్టెంబరులో రియో పుస్తక ప్రదర్శనలో, ఇద్దరు యువకులు ముద్దుపెట్టుకునే బొమ్మ గల ఒక అమెరికన్ చిత్రకథా పుస్తకాన్ని తొలగించవలసినదిగా ఆదేశించి, తనిఖీకి నగర సిబ్బందిని పంపాడు. వారు చేరుకునే సరికే ఆ పుస్తకం ప్రతులన్నీ అమ్ముడైపోయాయి. రాష్ట్ర న్యాయస్థానంలో పరస్పర విరుద్ధమైన ఉత్తర్వులు వెలువడ్డాయి. చివరకు సుప్రీం కోర్టు ప్రధాన న్యాయమూర్తి డయాస్ టోఫోలి సెప్టెంబరు 8 న పుస్తకాల స్వాధీనాన్ని నిషేధించాడు. పిల్లల రక్షణ కొరకే ఈ చర్య తీసుకున్నానని క్రివెల్లా చెప్పుకున్నాడు.

వైద్య రంగం: 2019 చివరలో నగర ఆసుపత్రులలో జీతాలు అందక సిబ్బంది సమ్మెకు దిగారు. కరోనా మహమ్మారి కాలంలో, 2020 మే నెలలో, మందిరాలు తెరవడానికి క్రివెల్లా ఇచ్చిన అనుమతిని న్యాయస్థానం నిలిపివేసింది. అదే సంవత్సరం ఆగస్టు 31 న ప్రసారమైన ఒక టెలివిజన్ కథనం, నగర ఉద్యోగులు కొందరు ఆసుపత్రుల వాకిళ్ళ వద్ద కాపు కాసి, రోగులు విలేకరులతో మాట్లాడకుండా అడ్డుపడుతున్న సంగతిని వెల్లడించింది. వీరిని పత్రికలు "క్రివెల్లా కావలివారు" అన్నాయి. దీనిపై వచ్చిన అభిశంసన ప్రతిపాదన నగర సభలో 25-23 ఓట్ల తేడాతో వీగిపోయింది.

ఓటమి, అరెస్టు

2020 ఎన్నికలో అధ్యక్షుడు జైర్ బోల్సొనారో మద్దతుతో క్రివెల్లా తిరిగి పోటీచేశాడు. రెండవ విడతలో మాజీ మేయరు ఎడ్వర్డో పాయెస్ 64.07 శాతం ఓట్లతో గెలిచాడు. క్రివెల్లాకు 35.93 శాతం ఓట్లు వచ్చాయి.

డిసెంబరు 22 న పోలీసులు ఆయనను నివాసంలో అరెస్టు చేశారు. నగర ప్రభుత్వంతో వ్యాపారం చేసే సంస్థల నుండి లంచాలు తీసుకొని ఒప్పందాలు, బకాయిల చెల్లింపులు ముందుగా జరిగేటట్లు చూసే ముఠాకు ఆయన నాయకుడని ప్రభుత్వ న్యాయవాదుల ఆరోపణ. క్రివెల్లా దీనిని ఖండించి, ఇది రాజకీయ వేధింపు అన్నాడు. ఉన్నత న్యాయస్థానం ఆ రాత్రే జైలును గృహనిర్బంధంగా మార్చింది. ఉపమేయరు 2018 లోనే మరణించినందున, మిగిలిన రోజులకు నగర సభాధ్యక్షుడు మేయరు బాధ్యతలు నిర్వహించాడు. 2021 ఫిబ్రవరిలో సుప్రీం కోర్టు న్యాయమూర్తి జిల్మార్ మెండెస్ గృహనిర్బంధాన్ని ఎత్తివేశాడు.

తరువాతి జీవితం

2021 లో బోల్సొనారో క్రివెల్లాను దక్షిణాఫ్రికాకు రాయబారిగా ప్రతిపాదించాడు. దక్షిణాఫ్రికా ప్రభుత్వం నెలల తరబడి సమ్మతి తెలపకపోవడంతో ఆ ప్రతిపాదనను నవంబరులో ఉపసంహరించుకున్నారు. 2022 లో క్రివెల్లా రియో రాష్ట్రం నుండి లక్షకు పైగా ఓట్లతో దిగువ సభకు ఎన్నికయ్యాడు. ఈ సభకు ఎన్నికలు దామాషా పద్ధతిలో జరుగుతాయి. 2023 లో మత సంస్థల పన్ను మినహాయింపులను విస్తరించే మరొక రాజ్యాంగ సవరణను ప్రతిపాదించాడు. 2022 అధ్యక్ష ఎన్నికల అనంతర ఆందోళనలలో శిక్షపడిన వారికి క్షమాభిక్ష కోరుతూ ఆయన ప్రవేశపెట్టిన బిల్లును 2025 సెప్టెంబరులో దిగువ సభ అత్యవసర చర్చకు స్వీకరించింది.

అంచనా

పేద పేటలలో ప్రభుత్వం చేరని చోటికి పెంతెకొస్తు సంఘాలు చేరుకున్నాయని, వారి ప్రతినిధి అధికారంలోకి రావడం ప్రజాస్వామ్యంలో సహజమేనని క్రివెల్లా సమర్థకులు అంటారు. సంఘం నుండి నాయకుడు రావడం తప్పు కాదని, ప్రభుత్వ ఆసుపత్రిలోని వరుస సంఘ సభ్యత్వాన్ని బట్టి మారడమే తప్పని విమర్శకులు అంటారు. 2016 లో ఆయనకు పట్టంగట్టిన నగరమే నాలుగు సంవత్సరాల తరువాత దాదాపు మూడింట రెండు వంతుల ఓట్లతో ఆయనను నిరాకరించింది.

పోటీచేసిన ముఖ్య ఎన్నికలు

2002 - సెనేటు - గెలుపు
2004 - రియో మేయరు - ఓటమి (రెండవ స్థానం)
2006 - రియో రాష్ట్ర గవర్నరు - ఓటమి (మూడవ స్థానం)
2008 - రియో మేయరు - ఓటమి (మూడవ స్థానం)
2010 - సెనేటు - గెలుపు
2014 - రియో రాష్ట్ర గవర్నరు - ఓటమి (రెండవ విడతలో)
2016 - రియో మేయరు - గెలుపు (రెండవ విడతలో)
2020 - రియో మేయరు - ఓటమి (రెండవ విడతలో)
2022 - దిగువ సభ - గెలుపు